ఛాయోపజీవులు



తెలుగు పంతులు ఛందోవ్యాకరణాలు విడిచి కెమెరా మీద పడ్డాడేమిటని మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. నా తగవు కెమెరాతో లేదు. శైలి అన్న మాటతో ఉన్నది. ముప్ఫయి యేళ్ళకు పైబడి తరగతిగదిలో నన్నయ శైలి యిట్టిది, తిక్కన శైలి యిట్టిది అని చెప్పి పొట్టపోసుకున్నవాణ్ణి. ఆ మాటను ఇప్పుడు మూటలు గట్టి, ధరచీటీ అంటించి, ఛాయాచిత్రాలు తీసే పిల్లలకు అమ్ముతున్నారు. మా ప్రీసెట్లు కొనండి, మీ సొంత శైలి మీకు దొరుకుతుంది అన్నది ఆ ప్రకటనల సారాంశం. వారి వద్ద కొన్నది వీరి సొంతం ఎట్లా అయిందని అడిగేవారు కానరారు. అందుచేత ఈ టపా.

ఎరుగనివారి కొరకు రెండు మాటలు. ఛాయాచిత్రం తీసిన పిదప దానిని దిద్దుకుంటాము. వెలుగు పెంచుతాము, నీడలను కొంచెం లేపుతాము, రంగుల పాళ్ళు మారుస్తాము. ఒకరు దిద్దిన పాళ్ళనన్నిటినీ ఒక చిన్న ఫైలులో దాచి, వేరొకరి చిత్రం మీద ఒక్క నొక్కుతో పూయగలిగితే అది ప్రీసెట్. 2007లో విడుదలైన లైట్‌రూమ్ వంటి సాధనాల వలన ఈ పద్ధతి బాగా వ్యాపించింది. 2010 అక్టోబరులో వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ ఇటువంటి దానినే ఫిల్టరు అన్న పేరుతో అందరి అరచేతిలో పెట్టింది.

ఫలితం కళ్ళెదుటనే ఉన్నది. లంబసింగి మంచు, పాపికొండల నడుమ గోదావరి, కోనసీమ కొబ్బరితోపు, చార్మినారు మీది సందెవెలుగు, ఏది చూసినా నీడలన్నీ నెమలికంఠపు నీలం, వెలుగులన్నీ నారింజ. ఆకుపచ్చకు దేశబహిష్కారం విధించారు. కోనసీమలో ఆకుపచ్చను వెళ్ళగొట్టిన తరువాత చూపడానికి మిగిలిందేమిటి? నూరుగురు తీసిన నూరు చిత్రాలను పేర్లు చెరిపి ఒకచోట పోస్తే, ఎవరిది ఏదో తీసినవారే పోల్చుకోలేరు. మరి దీని పేరు సొంత శైలి!

మన పూర్వులు వాదం మొదలుపెట్టేముందు ఎదుటివాడి పక్షాన్ని తామే చక్కగా నిలబెట్టేవారు. నేనూ ఆ మర్యాద పాటిస్తాను. ప్రీసెట్ల వారి పూర్వపక్షంలో మూడు మాటలున్నవి. ఒకటి, అనుకరణ లేక అభ్యాసం లేదు. రెండు, ఫిల్ము రోజులలో ఫిల్ము చుట్టే ప్రీసెట్ గదా, అప్పుడు లేని దోషం ఇప్పుడెక్కడిది? మూడు, చిత్రాలన్నీ ఒకే వర్ణంలో ఉంటే చూసేవారు మనలను గుర్తుపడతారు, ఆ గుర్తింపే శైలి. మూడూ తోసిపుచ్చదగినవి కావు. వరుసగా విచారిద్దాం.

మూడవ దానితోనే ఆరంభిస్తాను. గుర్తింపు వేరు, శైలి వేరు. ఎర్ర టోపీ పెట్టుకున్నవాడిని సంతలో దూరం నుండే గుర్తుపడతాము. ఆ టోపీ ఇంకొకడు పెట్టుకుంటే వాడిని ఇతడనుకుంటాము. వానిని చీకటిలో గొంతు విని గుర్తుపట్టడం మరొక విధం. శైలి ఆ రెండవ జాతిది. బాపుగారి దస్తూరి మనకందరకూ తెలుసు. దానిని కంప్యూటరు అక్షరాలుగా మలచిన తరువాత పెళ్ళిపత్రికలన్నీ ఆ అక్షరాలలో దిగినవి. అందంగానే ఉన్నవి. అంతమాత్రాన ఆ పత్రిక అచ్చు వేయించిన పెళ్ళికొడుకు తండ్రికి బాపు దస్తూరి వచ్చిందని ఎవరమైనా అంటామా? 2014లో ఆయన చేయి ఆగిపోయింది, ఫాంటు నడుస్తూనే ఉన్నది. ప్రీసెట్‌కూ శైలికీ ఉన్న ఎడం ఫాంటుకూ చేతికీ ఉన్న ఎడమే. చేయి రాసిన ప్రతి అక్షరం పక్క అక్షరాన్ని చూసి కొంచెం ఒదుగుతుంది. ఫాంటులోని అక్షరానికి పక్కన ఎవరున్నదీ పట్టదు.

ఇక్కడ అలంకారశాస్త్రం కొంత అక్కరకు వస్తుంది. రీతి కావ్యానికి ఆత్మ అని సిద్ధాంతం చేసిన వామనుడు వైదర్భి, గౌడి, పాంచాలి అని మూడు రీతులు చెప్పాడు. మూడూ దేశాల పేర్లు. తరువాత వచ్చిన కాశ్మీరదేశపు కుంతకుడు వక్రోక్తిజీవితంలో దీనిని ఆక్షేపించాడు. మేనమామ కూతుర్ని పెళ్ళాడడం వంటి దేశాచారం కాదు గదా కావ్యరచన, దానిని దేశాన్ని బట్టి ఎట్లా నిర్ణయిస్తారని అతని ప్రశ్న. మేనరికాలెరిగిన మనకు ఈ చమత్కారం వేరే విప్పి చెప్పనక్కరలేదు. కవుల మార్గాలు సుకుమారమనీ, విచిత్రమనీ, మధ్యమమనీ వేరవుతున్నవంటే దానికి కవి స్వభావమే కారణమని అతడు తేల్చాడు. ఆ స్వభావం వ్యుత్పత్తిని కోరుకుంటుంది, అభ్యాసాన్ని నడిపిస్తుంది. శైలి అనేది ఆ మూడూ కలిసి నడిచిన దారి.

వెయ్యేళ్ళ క్రితం కుంతకుడు కొట్టివేసిన మాటనే ఇన్‌స్టాగ్రామ్ వారు మళ్ళీ లేవదీశారు. పారిస్, ఓస్లో, టోక్యో, జైపూర్ అని ఊళ్ళ పేర్లతో ఫిల్టర్లు పెట్టారు. గౌడి, వైదర్భి పోయి ఓస్లో, జైపూర్ వచ్చినవి. అమలాపురంలో తీసిన చిత్రానికి ఓస్లో రీతి పూసి నా శైలి అంటున్న కుర్రవాణ్ణి చూస్తే కుంతకుడు ఏమనేవాడో!

ఇంక అనుకరణ సంగతి. అనుకరణ లేక అభ్యాసం లేదన్నది అక్షరసత్యం. నాలుగు గీతల పుస్తకంలో గురువు రాసిన అక్షరం మీద పలకపుల్ల తిప్పనివాడికి దస్తూరి ఎక్కడినుండి వస్తుంది? అయితే అనుకరణలో అంతరువులున్నవి. పదకొండవ శతాబ్దివాడైన క్షేమేంద్రుడు కవికంఠాభరణంలో పరుల సొమ్ము వాడుకునే కవులను వరుసపెట్టాడు. ఇతరుని భావచ్ఛాయను గ్రహించేవాడు ఛాయోపజీవి. ఒకటి రెండు మాటలు గ్రహించేవాడు పదకోపజీవి. పాదమే ఎత్తుకునేవాడు పాదోపజీవి. మొత్తం పద్యమే దించుకునేవాడు సకలోపజీవి. వీరందరికీ పైన, లోకమంతా ఎవనిమీద ఆధారపడి బ్రతుకుతుందో ఆ వ్యాసుని వంటివాడు భువనోపజీవ్యుడు.

క్షేమేంద్రునికి కెమెరా తెలియకపోయినా ఛాయోపజీవి అన్న మాట మన ఛాయాచిత్రకారుల కొరకే పుట్టించినట్టున్నది. అతని లెక్కలో ఛాయోపజీవి అందరికంటె తక్కువ దోషి. ఒక చిత్రకారుడు నీడను ఎట్లా వాడాడో చూసి, ఆ మెలకువ గ్రహించి, తన వీధిలో తన వెలుతురుతో ప్రయత్నించేవాడు ఛాయోపజీవి. అతడు తప్పక బాగుపడతాడు. ఎందుకంటే పెద్దవాడి నీడ తన వీధిలో సరిగా పడదు. పడనిచోట తాను ఏదో ఒకటి చేయవలసి వస్తుంది. ఆ చేయవలసి వచ్చినదే అతని సొంతం. ప్రీసెట్ కొన్నవాడు సకలోపజీవి. పైగా అతడు దించుకున్న పద్యం ఏమిటో అతనికే తెలియదు. ఆ పాళ్ళలో ఆకుపచ్చను ఎందుకు తగ్గించారు, నీడలలో నీలం ఎందుకు కలిపారు అని అడిగితే చెప్పలేడు. గురువు అక్షరం మీద దిద్దితే చేయి తిరుగుతుంది. గురువు పుస్తకాన్ని జిరాక్సు తీస్తే యంత్రం తిరుగుతుంది, చేయి ఉన్నచోటనే ఉంటుంది.

రెండవ మాట, ఫిల్ము కూడ ప్రీసెట్టే గదా అన్నది. సబబైన ప్రశ్న. కొడాక్రోమ్ అన్న రంగుల ఫిల్ము 1935 నుండి 2009 వరకు తయారైంది. దాని ఎరుపు, దాని నీడల చిక్కదనం ప్రసిద్ధం. యాత్రకు పోయిన ప్రతి దొరా అదే ఫిల్ము కెమెరాలో వేసుకున్నాడు. జైపూరులో పుట్టిన రఘువీర్ సింగ్ కూడ అదే వాడాడు. అతని కాలంలో కళాత్మక ఛాయాచిత్రమంటే నలుపు తెలుపులదే అన్న పట్టింపు గట్టిగా ఉండేది. అతడు దానిని లక్ష్యపెట్టక, భారతదేశాన్ని రంగులను వదలి చూడడం కుదరదని వాదించి, 1999లో కన్నుమూసేదాకా రంగులలోనే పనిచేశాడు. అతని మరణానంతరం 2002లో వచ్చిన ‘ఎ వే ఇంటు ఇండియా’ అన్న పుస్తకం చూడండి. అంబాసిడరు కారు తలుపు, కిటికీ, అద్దం, వీటి చట్రాలలో నుండి దేశమంతా కనిపిస్తుంది. ఒకే చిత్రంలో నాలుగు కథలు నాలుగు గదులలో నడుస్తుంటాయి. ఆ చూపు ఫిల్ము డబ్బాలో లేదు. ఉంటే డబ్బా కొన్న లక్షలమంది యాత్రికులలో ఇంకొక్కరికయినా వచ్చి ఉండేది. సీసపద్యమనగానే శ్రీనాథుడు గుర్తు వస్తాడు, నిజమే. సీసం ఎత్తుకున్నవారందరూ శ్రీనాథులు కాలేదన్నది అంతకంటె నిజం.

ఇంతవరకు చదివి, భేష్ పంతులుగారూ, అందుకే మేము చిత్రాన్ని ముట్టుకోము, కెమెరా ఇచ్చినది ఇచ్చినట్టే పెడతాము అని మడి కట్టుకున్నవారు సంతోషిస్తున్నారేమో. వారితోనూ నాకు పేచీ ఉన్నది. ముట్టుకోని చిత్రమన్నది లోకంలో లేదు. జేపెగ్‌గా బయటకు వచ్చే ప్రతి చిత్రానికీ రంగుల సమతూకం, పదును, వెలుగునీడల తేడా కెమెరాయే నిర్ణయించి ఇస్తుంది. ఈనాటి ఫోనులైతే ఒక్క నొక్కుకు పలు చిత్రాలు తీసి, వాటిని కలిపి ఒకటిగా వండి చూపుతాయి. మీరు దిద్దకపోతే ఎక్కడో కంపెనీలో కూర్చున్న ఇంజనీరు దిద్దుతాడు. మడి కట్టుకుని హోటలు భోజనం చేసినట్టున్నది వ్యవహారం. మన ఊరి స్టూడియోలలో నెగటివు మీద సన్నని పెన్సిలుతో ముడతలు పూడ్చే కాలం నుండీ దిద్దుబాటు ఉన్నది. ఇంకా వెనుకకు పోతే, 1857లోనే రెజ్లాండర్ అన్న ఆయన ముప్ఫయి నెగటివుల దాకా అతికి ఒకే చిత్రం అచ్చొత్తాడు.

అమెరికా దేశపు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అన్న పల్లెమీద చంద్రోదయం తీశాడు. అదే నెగటివు నుండి ఆ పిదప దశాబ్దాల తరబడి తన చేతితో వెయ్యికి పైగా ప్రతులు తీశాడు. తొలినాటి ప్రతులలో ఆకాశం బూడిదరంగు, మబ్బుతెరలు కనబడతాయి. కాలం గడిచేకొద్దీ ఆకాశం చిక్కబడి, కడపటి ప్రతులలో దాదాపు కాటుకనలుపు అయింది. పియానో నేర్చిన ఆయన నెగటివును స్వరపరచిన కృతితోనూ, అచ్చుప్రతిని కచేరీతోనూ పోల్చాడు. ఇందుకు పూర్తిగా విరుద్ధం ఫ్రాన్సుదేశపు కార్తియే బ్రెసోఁ. చీకటిగది పని ఇతరులకు విడిచిపెట్టేవాడు, చట్రాన్ని కత్తిరించడానికి ఒప్పుకునేవాడు కాదు. 1932లో పారిసు రైలుస్టేషను వెనుక నీటిమడుగు దూకుతున్న మనిషి చిత్రం అరుదైన మినహాయింపు. ఒకరు ముప్ఫయ్యేళ్ళు దిద్దాడు, ఒకరు దిద్దనే దిద్దడు. ఇద్దరికీ శైలి ఉన్నది. కనుక దిద్దడమా, మానడమా అన్నది అసలు ప్రశ్న కానే కాదు. ఎందుకు దిద్దాడో, ఎందుకు మానాడో తెలిసి ఉండడమే ప్రశ్న. ఆడమ్స్ ప్రతిసారీ అదే చిత్రం ముందు కూర్చుని నిర్ణయించాడు. ప్రీసెట్ మీ చిత్రం పుట్టకముందే నిర్ణయం చేసి పెట్టింది.

ఇదంతా అభిరుచుల తగాదా అని తేలికగా తీసివేసేవారికి ఒక సంగతి చెప్పాలి. నా వద్ద చదువుకున్న ఒక అమ్మాయి పెళ్ళి ఆల్బము వారింట చూశాను. పిల్ల చామనచాయ. నవ్వితే ముఖమంతా వెలుగుతుంది. ఆల్బములో ఆమె తెల్లకాగితం వలె ఉన్నది. అంతకంటె ఘోరం, నలుగు పెడుతున్న చిత్రంలో పసుపు పసుపుగా లేదు. బూడిదకూ ఇటుకపొడికీ నడుమ ఏదో రంగు. పసుపుపచ్చను పీల్చివేసి చర్మాన్ని పాలిపోజేసే ఏ పరదేశపు పాళ్ళో ఆ చిత్రాల మీద పూసినట్టున్నారు. మంగళస్నానంలో పసుపు లేకుండా తెలుగు పెళ్ళి ఏమి పెళ్ళి? తల్లి పుటలు తిప్పుతూ, "మా పిల్ల నిజంగా ఇంత తెల్లగా ఉండుంటే కట్నం కాస్త తగ్గుండేది గదండీ మాస్టారూ" అన్నది. నవ్వుతూనే అన్నది. నాకు నవ్వు రాలేదు.

ఇందులో ఆ ఛాయాగ్రాహకుని ఒక్కనినే తప్పుపట్టలేను. వేయి చిత్రాలు పది రోజులలో ఇవ్వవలసినవాడు పనిముట్టు వాడుకుంటాడు. నా కోపం ఆ పనిముట్టును శైలి అని అతనికి అంటగట్టినవారి మీద. ఆ పాళ్ళు ఎవరి చర్మాన్ని చూసి కట్టినవో అతనికి ఎవరూ చెప్పలేదు. ఇది కొత్త కథా కాదు. కోడాక్ కంపెనీ ఫోటోలు అచ్చువేసే ప్రయోగశాలలకు రంగులు సరిచూసుకోవడానికి పంపిన అట్టల మీద చిరకాలం తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. వాటిని షర్లీ కార్డులనేవారు. ఆమె చర్మం సరిగా వస్తే రంగులు సరిగా వచ్చినట్టు లెక్క. 1990లలో గాని వేర్వేరు చర్మవర్ణాల స్త్రీలతో కోడాక్ కార్డు రాలేదు. షర్లీ కార్డు పోయిందనుకున్నాము. ప్రీసెట్ల మూటలో దొడ్డిదారిన మళ్ళీ వచ్చింది. ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు. ఇక్కడ ఆ చేటు మన చామనచాయకు తగిలింది. ఛాయాచిత్రంలో ముందుగా పోయినది ఛాయే!

మరి శైలి ఎట్లా వస్తుందంటారా? శైలిని తయారుచేయబూనినవాడికి అది రాదు. దస్తూరి వచ్చినట్టు వస్తుంది. నేను దస్తూరి కనిపెడతానని ఏ పిల్లవాడూ పలక ముందు కూర్చోడు. రాస్తూ పోతాడు. పదవ తరగతికి వచ్చేసరికి పేరు రాయని జవాబుపత్రం కూడ ఎవరిదో పంతులు చెప్పగలడు. అయినా దారి సుగమం చేసుకోవడానికి కొన్ని పనులు ఉన్నవి. కెమెరా పట్టిన నా పాత శిష్యులకు నేను చెప్పేవి ఇవే.

వ్యాకరణం క్లాసులో సంధి విడదీసినవాణ్ణి, ఏ సూత్రం చేత అని అడుగుతాము. దిద్దుబాటులో ప్రతి మార్పునూ అట్లాగే అడగండి. వెలుగు ఎందుకు తగ్గించావు? ముసలమ్మ చేతుల మీదికి చూపు పోవాలని. సరే, సాధువు. ఆకాశం ఎందుకు ఊదారంగు చేశావు? బాగుంటుందని. ఇది సూత్రం కాదు, చెరిపివేయండి. చిత్రమంతటి మీదా ఒకే పూత పూయడానికి ముందు, ఒక్కొక్క చోట వెలుగు హెచ్చించడం, నీడ ముదిర్చడం నేర్చుకోండి. అది నేర్చుకునేవాడు ఆ చిత్రాన్ని చూడక తప్పదు.

యతిప్రాసలు పద్యాన్ని బంధించినట్టే మీకై మీరు ఒక బంధం విధించుకోండి. ఏడాది పొడుగునా ఒకే లెన్సు. లేదా ఒకే వీధి. లేదా పొద్దుటి గంట మాత్రమే. కదలడానికి చోటు తగ్గినకొద్దీ మనిషి తనదైన విధంగా కదులుతాడు.

తీసిన చిత్రాలను కొన్ని వారాలు పక్కనబెట్టి, ఆ పిదప ఏరండి. స్విట్జర్లాండులో పుట్టిన రాబర్ట్ ఫ్రాంక్ 1955, 56లలో అమెరికా అంతా తిరిగి సుమారు 27,000 చిత్రాలు తీసి, ‘ది అమెరికన్స్’ పుస్తకానికి 83 ఏరుకున్నాడు. శైలి ఆ 83లో ఎంత ఉన్నదో, పారవేసిన వాటిలోనూ అంత ఉన్నది. ఏది వద్దనుకుంటామో అది మన స్వభావాన్ని దాచకుండా చెబుతుంది. ఏడాది చివర మీ యాభై చిత్రాలను నేలమీద పరచి చూడండి. మనుషులకు ఎంత దూరంలో నిలబడుతున్నారు? ముఖాలకు వస్తున్నారా, వీపుల దగ్గర ఆగుతున్నారా? ఖాళీజాగా ఎక్కడ వదులుతున్నారు? మళ్ళీ మళ్ళీ కనబడేది ఏదో ఉంటుంది. మీరు పెట్టాలని పెట్టినది కాదది. మీ దస్తూరి.

చివరగా ఒక పరీక్ష. జరుక్‌శాస్త్రిగారు పేరడీలకు పెట్టింది పేరు. ఆయన చేయి పడిందంటే ఆ కవికి శైలి ఉన్నదని రూఢి అయినట్టే, ఎందుకంటే శైలి లేనివాడికి పేరడీ కట్టడం బ్రహ్మతరం కాదు. మీ చిత్రాలకు ఎవరైనా పేరడీ చేయగలరా అని ఆలోచించండి. ఫిల్టరు ఒకటి పూస్తే సరిపోతుందని తోస్తే, అక్కడ పేరడీ చేయడానికి మీరు లేరన్నమాట. మీరు నిలబడే తీరు, వేచి ఉండే తీరు, వదిలివేసే తీరు కూడ అనుకరించవలసి వస్తే, అప్పుడు ప్రీసెట్ల అంగడివాడు మీకు అమ్మగలిగింది ఏమీ లేదు.

కెమెరా పట్టిన బ్లాగ్మిత్రులు మనలో చాలామందే ఉన్నారు. నా వాదంలో కాలు జారినచోట నిర్మొహమాటంగా పట్టుకోండి. ఖండనమండనలు రెండూ వ్యాఖ్యలలో రాయండి. పొగడ్తకంటె ఖండనకే ముందుగా జవాబు రాస్తానని హామీ.

స్వస్తి.